చిన్న సీఎన్‌సీ మిల్లింగ్ మిషన్: ఏం చేయించుకోవచ్చు, ఎక్కడ ఆగాలి

కంప్యూటర్ చెప్పినట్టు కదిలి కోసే సీఎన్‌సీ మిషన్‌ని బిగించి టేబుల్ మీద పెట్టిన రోజు సాయంత్రం మా బాబాయ్ చూడటానికి వచ్చాడు. లేత్ మీద, మిల్లింగ్ మిషన్ మీద ముప్పై ఏళ్లు చేసిన చెయ్యి ఆయనది. నేను సాఫ్ట్‌వేర్ గురించీ, కట్టర్‌ని తిప్పే స్పిండిల్ స్పీడు గురించీ చెప్పుకుపోతుంటే ఊ కొట్టాడు గానీ వినలేదు. స్పిండిల్ మీద బొటనవేలు ఆనించి పక్కకి ఒక్క నొక్కు నొక్కాడు. కంటికి కనిపించేంత కదిలింది.

"ఏరా, నా వేలికే ఊగుతోంది. కట్టర్‌కి ఆగుతుందా?" అన్నాడు.

ఆ మాట అప్పుడు రుచించలేదు. ఆ వారంలోనే ఒకే అల్యూమినియం ముక్క మీద మూడు కట్టర్లు వరసగా విరిగాక తలకెక్కింది. ఇప్పుడు అదే మిషన్ మీద ఆంప్లిఫయర్లకి ముందు పలకలు, సర్క్యూట్ బోర్డులు, చెక్క డబ్బాలు, ఇత్తడి నేమ్‌ప్లేట్లు చేసుకుంటున్నాను. మిషన్ మారలేదు. దాన్ని ఏం అడగాలో, ఏం అడగకూడదో నాకు తెలిసింది. కొత్తగా కొన్నవాళ్ల కోసం, కొనాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్ల కోసం ఆ సంగతులు రాస్తున్నాను.

చిన్న మిషన్ అంటే నా ఉద్దేశం టేబుల్ మీద పట్టే రకం. నాది '3018' అని పిలిచే తరహా. అడ్డంగా 300 మి.మీ., లోపలికి 180 మి.మీ., పైకీ కిందకీ 45 మి.మీ. దాకా కదులుతుంది. అల్యూమినియం ఛానెల్ ఫ్రేమ్, నున్నటి రాడ్ల మీద జారే బేరింగులు, 8 మి.మీ. మందం లీడ్ స్క్రూలు (తిరుగుతూ మిషన్‌ని కదిలించే మర రాడ్లు), వాటిని చిన్న చిన్న స్టెప్పులుగా తిప్పే మూడు నెమా 17 సైజు స్టెపర్ మోటార్లు. 24 వోల్టుల 775 డీసీ మోటారే స్పిండిల్. నడిపేది జీఆర్‌బీఎల్ అనే ఉచిత ఫర్మ్‌వేర్, అంటే బోర్డులోనే ఉండి మోటార్లని కదిలించే ప్రోగ్రాం. అది 2009లో మొదలైంది, ఆర్డునో యూనో బోర్డు మీదున్న చిన్న చిప్‌లోనే ఇమిడిపోతుంది. బెల్టులతో నడిచే పాత షేపోకో లాంటివి, చెక్క పని రౌటర్‌నే స్పిండిల్‌గా పెట్టుకునేవి దీనికి అన్నల్లాంటివి. షెర్లైన్, టైగ్ మిల్లులు సైజుకి చిన్నవే అయినా కట్టడం వేరు, అసలు మిల్లింగ్ మిషన్‌నే కుదించినట్టు ఉంటాయి. నేను కింద చెప్పే ఇబ్బందులు వాటికి అంతగా ఉండవు.

ముందు ఊపి చూడండి

బాబాయ్ చేసిన పరీక్షే మీరూ చెయ్యండి, కాకపోతే కొలతతో. కొద్దిపాటి కదలికని కూడా కొలిచే డయల్ గేజ్ ఒకటి కావాలి. దాని అయస్కాంతం స్టాండు అల్యూమినియం బెడ్‌కి అతుక్కోదు కాబట్టి ఒక ఇనప పలకని బెడ్‌కి బోల్టులతో బిగించి దాని మీద నిలబెట్టండి. గేజ్ మొన కోలెట్ (కట్టర్‌ని పట్టుకునే బిగింపు) నట్టుకి ఆనించి, సామాను తూచే స్ప్రింగ్ కాటాని స్పిండిల్‌కి తగిలించి 2 కిలోలు చూపించేదాకా లాగండి. స్పిండిల్ పైన ఉన్నప్పుడు ఒకసారి, పూర్తిగా కిందకి దించి ఒకసారి. నా మిషన్ పైన ఉన్నప్పుడు 0.12 మి.మీ. వంగింది, కిందకి దించాక 0.35.

ఆ రెండు అంకెల్లోనే చాలా పాఠం ఉంది. స్పిండిల్ ఎంత కిందకి వేలాడితే అంత ఊగుతుంది. మరి జాబ్‌ని, అంటే కొయ్యాల్సిన ముక్కని, ఎందుకు బెడ్ మీద అంత లోతున పెట్టడం? నేను 18 మి.మీ. ఎండీఎఫ్ (చెక్క నారని నొక్కి చేసిన) పలకలు రెండు ఒకదాని మీద ఒకటి వేసి బెడ్‌నే ఎత్తు చేసుకున్నాను. నా మిషన్‌కి నేను చేసిన మార్పులన్నిటిలోకీ ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే.

కట్టర్‌దీ అదే లెక్క. కోలెట్ నుంచి బయటికి వచ్చిన పొడవు రెట్టింపైతే కట్టర్ వంగడం 8 రెట్లవుతుంది. అదే మందం రెట్టింపైతే వంగడం 16వ వంతుకి పడిపోతుంది. మొదట్లో నేను 'దేనికైనా పనికొస్తుంది కదా' అని 22 మి.మీ. అంచు ఉన్న పొడుగు కట్టర్లు కొన్నాను. అవన్నీ ఇప్పటికీ డబ్బాలోనే ఉన్నాయి. 3 మి.మీ. పలక కొయ్యడానికి 6 మి.మీ. అంచు ఉన్న పొట్టి కట్టర్ చాలు.

లాగి చూసేటప్పుడే రెండో చేత్తో ఒక్కో జాయింటు మీద వేలు పెట్టి చూడండి, కదలిక ఎక్కడ పుడుతోందో వేలికి తెలుస్తుంది. నా దాంట్లో దోషి స్పిండిల్‌ని పట్టుకునే ప్లాస్టిక్ హోల్డరు. దాన్ని ఈ మిషన్ మీదే కోసుకున్న అల్యూమినియం హోల్డరుతో మార్చాను. పనికి రెండు సాయంత్రాలు పట్టింది, ఒక కట్టర్ పోయింది.

వీటికి ఏది చక్కగా వస్తుంది

చేతికి విసుగొచ్చే పని దీనికి ఇష్టం. ఒకే కొలతతో ఇరవై ముక్కలు కావాలంటే ఇరవయ్యోది కూడా మొదటిదానిలాగే వస్తుంది. ఆంప్లిఫయర్ ముందు పలకలో నాబులకి బెజ్జాలు, డిస్‌ప్లేకి చదరపు కిటికీ, పక్కన అక్షరాలు. ఇవన్నీ చేత్తో చేసినప్పుడు ఏదో ఒకచోట ఆకురాయి జారేది, పలకంతా పారెయ్యాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ బాధ లేదు.

సర్క్యూట్ బోర్డులు దీని సొంత మైదానం. రాగి పొర మందం 35 మైక్రాన్లు, కట్టర్ మీద భారం దాదాపు ఉండదు, మిషన్ ఊగడం అన్న సమస్యే తలెత్తదు. ఇక్కడ చిక్కు వేరే చోట ఉంది. వాడేది వీ ఆకారపు బిట్ కాబట్టి లోతు మారితే గీత వెడల్పు మారుతుంది. 30 డిగ్రీల బిట్ 0.1 మి.మీ. ఎక్కువ లోతుకి దిగితే గీత 0.05 మి.మీ. పైచిలుకు వెడల్పవుతుంది. 60 డిగ్రీల బిట్ అయితే 0.11 దాటుతుంది. బోర్డు మధ్యలో 0.3 మి.మీ. ఉబ్బి ఉండటం మామూలే. అంటే ఒక మూల రాగి తెగదు, ఇంకో మూల ట్రాకే ఎగిరిపోతుంది. దీనికి మందు ఎత్తుల పటం. కట్టర్‌కి ఒక వైరు, రాగికి ఒక వైరు తగిలిస్తే మిషన్ బోర్డు మీద గళ్లుగళ్లుగా తాకి చూసి, ఎక్కడ ఎంత ఎత్తుందో రాసుకుని, లోతుని దాని ప్రకారం సర్దుకుంటుంది. క్యాండిల్, బీసీఎన్‌సీ లాంటి ప్రోగ్రాముల్లో ఈ సదుపాయం ఉంది. ఇది లేకుండా నేను బోర్డు మొదలుపెట్టను. కాళ్ల మధ్య 1.27 మి.మీ. దూరం ఉన్న ఐసీలు హాయిగా వస్తాయి, 0.65 అంటే కొత్త బిట్, మంచి రోజు రెండూ కలిసి రావాలి. 0.5 కి నేను బోర్డులు చేసేవాళ్లకే పంపిస్తాను.

చెక్క, ఎండీఎఫ్, డెల్రిన్, హెచ్‌డీపీఈ లాంటి ప్లాస్టిక్‌లు, మైనం అచ్చులు, ఇత్తడి మీద చెక్కుడు, ఇవన్నీ ధైర్యంగా మొదలుపెట్టండి. యాక్రిలిక్‌లో మాత్రం రెండు రకాలున్నాయి. పోత పోసిన షీటు పొడిపొడిగా రాలుతుంది. అచ్చులోంచి లాగి తీసిన షీటు కరిగి కట్టర్‌కి బంకలా చుట్టుకుంటుంది. కొనేటప్పుడే 'క్యాస్ట్' అని అడగండి. పీవీసీ జోలికి నేను పోను, అది వేడెక్కితే వచ్చే పొగ ఊపిరితిత్తులకీ మంచిది కాదు, మిషన్‌లోని ఇనప భాగాలకీ మంచిది కాదు.

గుర్తుంచుకోవాల్సిన ఇంకో సంగతి, కట్టర్ గుండ్రంగా ఉంటుంది కాబట్టి లోపలి మూలలు ఎప్పుడూ గుండ్రంగానే వస్తాయి. చెక్క డబ్బా వేళ్ల జాయింట్లు మొదటిసారి కోసినప్పుడు ఒకదాంట్లో ఒకటి దూరలేదు. కొలతలు తప్పేమో అని గంటసేపు డ్రాయింగ్ చూశాను. ప్రతి లోపలి మూలలోనూ కట్టర్ కొంచెం బయటికి వెళ్లి చిన్న గుంట చేసేలా గీస్తే అయిపోతుంది. ఆ గుంటని కుక్కల బొమ్మల్లో కనిపించే ఎముక చివరలా ఉంటుందని 'డాగ్ బోన్' అంటారు.

మొదటి జాబ్‌కి ముందు చేసుకోవాల్సినవి

ఫ్రేమ్‌ని మూలమట్టంతో సరిచూసి బోల్టులు బిగించండి. అది అరగంట పని, కానీ తర్వాత సరిచేయాలంటే అంతా విప్పాలి.

బెడ్ మీద వేసిన ఎండీఎఫ్ పలకని మిషన్‌తోనే చదును చేయించండి. అప్పుడు పలక మిషన్‌కి సమానంగా అవుతుంది, మిషన్ వంకరైనా సరే. తర్వాత స్పిండిల్ నిలువుగా ఉందో లేదో చూడాలి. ఒక గట్టి తీగని ఎల్ ఆకారంలో వంచి కోలెట్‌లో బిగించండి, మొన స్పిండిల్ మధ్య నుంచి 50 మి.మీ. దూరంలో పలకని తాకీ తాకనట్టు ఉండాలి. స్పిండిల్‌ని చేత్తో తిప్పుతూ నాలుగు వైపులా సందు చూడండి. ఒక వైపు 0.3 మి.మీ. ఎక్కువుంటే, 20 మి.మీ. వెడల్పు కట్టర్‌తో చదును చేసినప్పుడు వరుసకీ వరుసకీ మధ్య 0.06 మి.మీ. మెట్టు వస్తుంది. గోరుకి తగులుతుంది. 3 మి.మీ. కట్టర్‌కి అది లెక్కలోకి రాదు. అందుకే సన్న కట్టర్‌తోనే చదును చేస్తూ ఏళ్లు గడిపేసేవాళ్లూ ఉన్నారు, తప్పేం కాదు.

మి.మీ.కి ఎన్ని స్టెప్పులన్న లెక్క గురించి కంగారు పడకండి. నా స్క్రూ ఒక చుట్టు తిరిగితే 4 మి.మీ. కదులుతుంది. మోటారుకి చుట్టుకి 200 స్టెప్పులు, దాన్ని నడిపే డ్రైవరు చిప్ ఒక్కో స్టెప్పుని 16 ముక్కలు చేస్తుంది. 200 × 16 ÷ 4 = 800. జీఆర్‌బీఎల్‌లో $100, $101, $102 అనే సెట్టింగుల దగ్గర ఉండాల్సింది ఇదే. కొందరు 50 మి.మీ. కదిలించి, స్కేలుతో కొలిచి, 803.7 అని పెట్టుకుంటారు. స్క్రూ కొలత తయారీలోనే స్థిరపడిపోతుంది. మీకు తేడా కనిపించిందంటే కొలిచిన పద్ధతో, ఎక్కడో లూజో కారణం, ముందు దాన్ని పట్టుకోండి. సాగే బెల్టులున్న మిషన్ల సంగతి వేరు, వాటికి కొలిచి సర్దుకోవాల్సిందే.

ఇంకో మాట. 800 స్టెప్పులంటే ఒక్కో స్టెప్పు 0.00125 మి.మీ. అమ్మేవాళ్లు ఇలాంటి అంకెల్ని పెద్ద అక్షరాలతో వేస్తారు. వేలితో తోస్తే 0.12 కదిలే మిషన్‌కి ఆ అంకెతో పనేంటి? చెక్కలో, ప్లాస్టిక్‌లో నాకు నమ్మకంగా వచ్చేది 0.1 మి.మీ., ఓపిక పడితే 0.05.

బ్యాక్‌లాష్ (దిక్కు మారినప్పుడు వృథాగా పోయే కదలిక) కొలవడానికి గేజ్‌ని మళ్లీ తియ్యండి. 1 మి.మీ. ముందుకి కదిలించి గేజ్‌ని సున్నా చేసి, ఇంకో 1 మి.మీ. ముందుకి, తర్వాత 1 మి.మీ. వెనక్కి. సున్నాకి రాకుండా ఎంత దగ్గర ఆగిందో అదే నట్టులోని లూజు. స్ప్రింగు ఉన్న జంట నట్టుతో నాది 0.15 నుంచి 0.04కి దిగింది. లూజు ఎక్కువున్న మిషన్‌లో కట్టర్ తిరిగే దిక్కుకి ఎదురుగా కోసే మామూలు పద్ధతే క్షేమం. దిక్కు వెంబడి కోసే 'క్లైంబ్' పద్ధతిలో కట్టర్ జాబ్‌ని తనవైపు లాక్కుంటుంది, ఆ లూజంతా ఒక్కసారి జంప్ చేస్తుంది. ఒకసారి నా కట్టర్ అలాగే పోయింది.

కోలెట్ విషయంలో చాలామంది చేసే తప్పు ఒకటుంది, నేనూ ఆరు నెలలు చేశాను. ఈఆర్11 కోలెట్‌ని ముందు స్పిండిల్‌లో పెట్టి పైన నట్టు బిగించకూడదు. ముందు కోలెట్‌ని కొంచెం వాల్చి నట్టులోకి టక్కుమనేలా ఎక్కించాలి, ఆ తర్వాత రెండిటినీ కలిపి స్పిండిల్‌కి తిప్పాలి. లేదంటే కట్టర్ ఒక పక్కకి ఒరిగి తిరుగుతుంది. 0.05 మి.మీ. ఒరిగిందనుకోండి, రెండు అంచుల కట్టర్‌లో ఒక అంచే పనంతా చేస్తుంది, రెండోది ఊరికే తిరుగుతుంది.

ఫీడ్ ఎంత పెట్టాలి

ఫీడ్ అంటే కట్టర్ కోస్తూ ముందుకి సాగే వేగం. దీనికి సూత్రం ఒకటే. నిమిషానికి చుట్లు × అంచుల సంఖ్య × ఒక్కో అంచు తీసే మందం. 10,000 చుట్లు, ఒకే అంచున్న కట్టర్, 0.03 మి.మీ. మందం అనుకుంటే 300 మి.మీ. నిమిషానికి. అల్యూమినియానికి నేను మొదలుపెట్టేది ఇక్కడే.

కొత్తవాళ్లు భయంతో ఫీడ్ తగ్గిస్తారు. నేనూ అంతే, 60 పెట్టాను. 10,000 చుట్ల దగ్గర 60 అంటే అంచుకి 0.006 మి.మీ. అంత పలచని పొరని అంచు కొయ్యలేదు, రుద్దుతుంది. రుద్దితే వేడి, వేడికి అల్యూమినియం మెత్తబడి కట్టర్ గాడుల్లో అతుక్కుంటుంది, ఆపైన టక్. ఆ మూడు కట్టర్లూ పోయింది ఇందుకే. భయం వేస్తే ఫీడ్ తగ్గించకండి, లోతు తగ్గించండి. అంచులు తక్కువున్న కట్టర్ తీసుకోండి, రజను బయటికి రావడానికి చోటు దొరుకుతుంది.

చెవి కూడా కొలత సాధనమే. బాగా కోస్తున్నప్పుడు ఒకే రకం సవ్వడి వస్తుంది. కీచుమంటే రుద్దుతోంది. గడగడలాడితే మిషన్ వణుకుతోంది, లోతు తగ్గించాలి. స్పిండిల్ గొంతు దిగిపోతుంటే మోటారు మోయలేకపోతోంది. ఈ డీసీ మోటార్లకి బరువు పడితే స్పీడు పడిపోతుంది, మీరు లెక్కేసిన 10,000 అప్పుడు నిజం కాదు. రజను చూడండి. చిన్న చిన్న ముక్కలుగా ఎగురుతుంటే సరే, పిండిలా వస్తుంటే ఫీడ్ చాల్లేదు.

అల్యూమినియం, ఓపిక

అల్యూమినియం అవుతుందా అని అందరూ అడుగుతారు. అవుతుంది, గడియారం వైపు చూడకుండా ఉంటే.

లెక్క చూడండి. 3.175 మి.మీ. కట్టర్, ఒక్కో పొర 0.2 మి.మీ., ఫీడ్ 300. నిమిషానికి తీసే లోహం 190 ఘన మిల్లీమీటర్లు. 100 × 100 మి.మీ. పలకలో 5 మి.మీ. లోతు గుంట చేయాలంటే 50,000 ఘన మిల్లీమీటర్లు తియ్యాలి. నాలుగు గంటల ఇరవై నిమిషాలు. అదే గుంట ఎండీఎఫ్‌లో అయితే పొరకి 1.5 మి.మీ., ఫీడ్ 800 పెట్టి పదమూడు నిమిషాల్లో లేస్తాను. అందుకే డిజైన్ దగ్గరే జాగ్రత్త పడాలి. గుంట తవ్వే బదులు పలచని పలకలు రెండు కోసి ఒకదాని మీద ఒకటి స్క్రూలతో బిగిస్తే అదే డబ్బా అరగంటలో వస్తుంది. ఎంత లోహం మిగిలింది అన్నది కాక, ఎంత లోహం రజనుగా మార్చాలి అన్నది చూసి గీయడం అలవాటు చేసుకున్నాను.

పలక ఏ రకమో కూడా ముఖ్యమే. 6061 చక్కగా తెగుతుంది. 1100 లాంటి మెత్తని స్వచ్ఛమైన రకం జిగురులా సాగుతుంది, పాత సామానులోంచి దొరికిన పలకలు ఇలాంటివే కావచ్చు. కట్టర్‌ని నిటారుగా లోహంలోకి దించొద్దు, ఏటవాలుగానో స్క్రూలా తిరుగుతూనో దిగేలా క్యామ్‌లో (కట్టర్ దారిని గీసే సాఫ్ట్‌వేర్‌లో) ర్యాంప్ పెట్టండి. గాడి పూర్తి వెడల్పుతో కొయ్యడం కన్నా 0.3 మి.మీ. పక్కకి మాత్రమే తింటూ 2 మి.మీ. లోతుకి వెళ్లే పద్ధతి నాకు బాగా నప్పింది. ఫీడ్ 500 పెట్టినా మిషన్ వణకలేదు, కట్టర్ అంచు మొన ఒక్కటే అరిగిపోకుండా పొడవునా అరుగుతుంది. ఫ్యూజన్‌లో, ఫ్రీక్యాడ్‌లో దీన్ని అడాప్టివ్ అంటారు. గాలి ఊదుతూ రజను ఎగరగొట్టండి, డబ్ల్యూడీ-40 రెండు చుక్కలు చాలు. స్పిరిట్ చల్లేవాళ్లూ ఉన్నారు. అది ఆరిపోయి శుభ్రంగా ఉంటుంది కానీ ఆవిరికి నిప్పంటుకుంటుంది, బ్రష్‌లున్న మోటారులో నిప్పురవ్వలు వస్తాయి. నేను వాడను.

పట్టుకోవడానికి క్లాంపుల కన్నా నాకు నచ్చింది టేపు పద్ధతి. బెడ్ మీద మాస్కింగ్ టేపు, జాబ్ అడుగున మాస్కింగ్ టేపు, రెండు టేపుల వెన్నుల మధ్య సూపర్ గ్లూ. ఒక నిమిషం నొక్కి పట్టండి. పలకంతా ఒకేలా అతుక్కుంటుంది, కట్టర్ గుద్దుకోవడానికి క్లాంపే ఉండదు. పని అయ్యాక గరిటెతో మెల్లగా లేపితే వచ్చేస్తుంది.

సరైన కొలత కావాల్సిన చోట ఒక్క దెబ్బకి పని ముగించకండి. 608 బేరింగుకి 22 మి.మీ. గుంట కావాలి. ప్రోగ్రాంలో 22 అని పెడితే నా మిషన్‌లో 21.85 వస్తుంది, కట్టర్ లోపలికి వంగుతుంది కాబట్టి. జాబ్‌ని కదపకుండా కొలిచి, మిగిలిన 0.15లో సగం, అంటే 0.075, వ్యాసార్ధానికి కలిపి చివరి పొర మళ్లీ నడపండి. తర్వాత అంకెలేవీ మార్చకుండా అదే దారిలో ఇంకోసారి. రెండోసారి కట్టర్ మీద భారం ఉండదు కాబట్టి నిటారుగా నిలబడి మిగిలిన పలచటి పొరని తీసేస్తుంది. బేరింగు వేలితో నొక్కితే దిగాలి.

సగంలో చెడగొట్టేవి

స్టెపర్ మోటారుకి కళ్లు లేవు. ఎటు, ఎన్ని స్టెప్పులు కదలమంటే కదలడానికి ప్రయత్నిస్తుంది, కదిలిందో లేదో దానికి తెలియదు. రెండున్నర గంటల జాబ్‌లో రెండు గంటలయ్యాక స్పిండిల్ వైరు ఒక క్లాంపు బోల్టుకి చిక్కుకుంది. మోటారు కాసేపు గుర్రుమని, మళ్లీ ఏమీ జరగనట్టే కొనసాగింది. మిగిలిన అక్షరాలన్నీ 3 మి.మీ. పక్కకి జరిగి చెక్కుకుపోయాయి. అప్పటి నుంచి జాబ్ సున్నాని 20 మి.మీ. పైకి పెట్టి ఒకసారి గాలిలో నడిపి, వైర్లన్నీ ఎక్కడ లాగుతున్నాయో చూస్తాను. ఖాళీగా పరిగెత్తేటప్పుడే స్టెప్పులు పోతుంటే $110 నుంచి $112 దాకా ఉన్న వేగాలు, $120 నుంచి $122 దాకా ఉన్న త్వరణాలు తగ్గించండి.

ల్యాప్‌టాప్ నిద్రపోతే జాబ్ ఆగిపోతుంది. స్లీప్ సెట్టింగు ఆపెయ్యండి. వ్యాక్యూమ్ పైపులో పుట్టే స్టాటిక్ కరెంటుకి యూఎస్‌బీ తెగిపోవడం నాకు మూడుసార్లు జరిగింది. పైపు వెంట ఒక రాగి తీగ చుట్టి ఎర్త్ చేశాక మళ్లీ రాలేదు. మిషన్ చివరిదాకా వెళ్తే ఆపే లిమిట్ స్విచ్‌లు ఏమీ తగలకుండానే అలారం ఇస్తుంటే వాటి వైర్లని స్పిండిల్ వైర్లకి దూరంగా తీసుకెళ్లి, బోర్డు దగ్గర ఒక్కో స్విచ్‌కీ 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి.

దుమ్ము, నిప్పు, కళ్లు. ఎఫ్ఆర్4 అనే సర్క్యూట్ బోర్డు దుమ్ములో గాజు నార ఉంటుంది, మాస్కు, వ్యాక్యూమ్ లేకుండా కొయ్యొద్దు. ఎండీఎఫ్ దుమ్ము కూడా తక్కువేం కాదు. మొద్దుబారిన కట్టర్ చెక్కని రుద్దితే నిప్పు కణిక పుడుతుంది, వ్యాక్యూమ్ దాన్ని పొట్టు నిండిన డబ్బాలోకి పీల్చుకుంటుంది. మిషన్ నడుస్తుంటే గది వదిలి వెళ్లకూడదన్న నియమానికి నేను మినహాయింపు ఇవ్వను. కళ్లద్దాలు తప్పనిసరి, చేతి తొడుగులు మాత్రం వద్దు. తిరిగే కట్టర్ తొడుగు దారాన్ని పట్టిందంటే వేలిని కూడా వదలదు. ఎమర్జెన్సీ స్విచ్ స్పిండిల్ కరెంటుని కూడా ఆపుతోందో లేదో ముందే నొక్కి చూడండి.

చప్పుడు సంగతి ఇంట్లోవాళ్లని అడగాలి.

ఏం మార్చాలి, ఏం వదిలెయ్యాలి

మొదట అందరికీ పెద్ద స్పిండిల్ మీద మనసు పోతుంది. ఊగే ఫ్రేమ్‌కి బరువైన మోటారు తగిలిస్తే ఇంకా ఊగుతుంది. నేనైతే ఈ వరుసలో వెళ్లమంటాను. ముందు బెడ్ ఎత్తు, పొట్టి కట్టర్లు. తర్వాత స్పిండిల్ హోల్డరు, నట్టులు, మంచి కోలెట్. ఆపైన రాడ్ల బదులు లీనియర్ రైళ్లు (బేరింగులు జారే ఉక్కు పట్టాలు). ఇవన్నీ అయ్యాక కూడా మోటారు మోయలేకపోతుంటే అప్పుడు స్పిండిల్. లీనియర్ రైళ్ల దాకా వచ్చారంటే మీకు కావాల్సింది ఇంకో మిషనేమో ఒకసారి ఆలోచించండి. విడి భాగాలు మార్చుకుంటూ పోతే చివరికి పాత మిషన్‌లో మిగిలేది పేరొక్కటే.

ఉక్కు నేను కొయ్యను. ఉక్కుని కార్బైడ్ కట్టర్‌తో నిమిషానికి 60 మీటర్ల అంచు వేగంతో కొయ్యాలనుకుంటే 6 మి.మీ. కట్టర్ 3,200 చుట్ల దగ్గర తిరగాలి, అది కూడా బలంగా. ఈ మోటార్లకి ఆ స్పీడులో ఊపిరి ఉండదు. స్పీడు పెంచితే అంచు కాలిపోతుంది. స్టెయిన్‌లెస్ అయితే రుద్దినకొద్దీ ఇంకా గట్టిపడుతుంది. వీడియోల్లో కోసి చూపించేవాళ్లున్నారు, కోశాక కట్టర్‌ని మాత్రం దగ్గరగా చూపించరు.

పోయినసారి ఒక ట్రాన్స్‌ఫార్మర్‌కి 3 మి.మీ. ఉక్కు బ్రాకెట్ కావాల్సి వచ్చింది. బ్రాకెట్ ఆకారాన్ని, బెజ్జాల చోట్లని 5 మి.మీ. యాక్రిలిక్‌లో మిషన్‌తో కోశాను, పన్నెండు నిమిషాలు పట్టింది. దాన్ని ఉక్కు పలక మీద టేపుతో అంటించి, బెజ్జాల మధ్యలు పంచ్‌తో గుర్తు పెట్టి, అంచు వెంట గీత గీశాను. మిగతాది డ్రిల్లు, హ్యాక్‌సా, ఆకురాయి. బాబాయ్ పక్కన కూర్చుని ఆకురాయి ఎలా పట్టుకోవాలో మళ్లీ మొదటి నుంచి నేర్పించాడు. నాలుగు బోల్టులూ తడుముకోకుండా దిగాయి. టెంప్లేటు మీద తేదీ రాసి డ్రాయర్లో పెట్టాను, ఇంకో ఆంప్లిఫయర్‌కి మళ్లీ కావాలి.